ద్రవలోహ ధార మీద అలలు – వాటిని కొలిచే తీరు

బోరు పైపు మూతి నుంచి తొట్టిలోకి నీళ్ళు దూకుతుంటే చూడనివాళ్ళు మనలో ఉండరు. పంపు నిదానంగా పోస్తున్నప్పుడు మూతి దగ్గర ఆ ధార గాజు కడ్డీలా నున్నగా ఉంటుంది. అసలు కదులుతోందా లేదా అని అనుమానం కూడా వస్తుంది. జానెడు దూరం పోయాక దాని ఒంటి మీద ముడతలు బయలుదేరతాయి. ఇంకా కిందికి పోతే ధార తెగి బొట్లు బొట్లుగా రాలుతుంది.

రెండేళ్ళ కిందట మా తొట్టి దగ్గర ధార మీద ఏటవాలుగా ఒక గీత కనిపించింది. నీళ్ళు పరుగెత్తుతున్నాయి, గీత మాత్రం ఉన్నచోటనే ఉంది. అది నీటి గుణమనుకుని నేను ఏదేదో ఆలోచిస్తున్నాను. మా నాన్న వచ్చి చూసి, "గుణమూ లేదు, గిణమూ లేదురా. పైపు మూతికి దెబ్బ తగిలింది. గీత అక్కడినించే వస్తోంది" అన్నాడు. ఆకురాయి తెచ్చి మూతి అంచు మీద నాలుగుసార్లు రుద్దాడు. గీత పోయింది!

ఈ చిన్న సంగతిని వ్యాసం మొదట్లో చెప్పటానికి కారణం ఉంది. ఇదే గీత, ఇదే మూతి దెబ్బ ప్రపంచంలోని పెద్ద పెద్ద ప్రయోగశాలల్లో శాస్త్రజ్ఞులను ఏళ్ళ తరబడి ఇబ్బంది పెట్టాయి. అయితే అక్కడ పారేది నీళ్ళు కాదు, కరిగిన లిథియం లోహం.

అల ఎలా పుడుతుంది?

ద్రవం ఉపరితలం చదునుగా ఉండాలని రెండు బలాలు పట్టుపడతాయి. ఒకటి గురుత్వాకర్షణ. లేచిన శిఖరాన్ని అది కిందికి లాగుతుంది. రెండవది తలతన్యత. ఉపరితలం సాగదీసిన పల్చటి రబ్బరు పొరలాగా ప్రవర్తించి ముడతను సాపు చేయాలని చూస్తుంది. పొడవైన అలల మీద గురుత్వానిది పైచేయి, పొట్టి అలల మీద తలతన్యతది పైచేయి. పొడవైన అలలు వేగంగా పోతాయి, బాగా పొట్టి అలలు కూడా వేగంగా పోతాయి. మధ్యలో ఒకచోట అల వేగం కనిష్ఠమవుతుంది. నీటికి ఈ కనిష్ఠ వేగం సెకనుకు సుమారు 23 సెం.మీ.; అప్పటి తరంగదైర్ఘ్యం 1.7 సెం.మీ.

దీనిని పొలంలోనే పరీక్షించి చూడవచ్చు. పారుతున్న బోదెలో ఒక గడ్డిపరకను నిలువుగా గుచ్చండి. నీరు సెకనుకు 23 సెం.మీ. కంటె నెమ్మదిగా పోతుంటే పరక చుట్టూ నిలకడైన అలలేవీ కనిపించవు. అంతకంటె వేగంగా ఉంటే పరకకు ఎగువన సన్నని ముడతలు, దిగువన వెడల్పాటి అలలు కదలకుండా నిలుస్తాయి. అల నీటికి ఎదురీదుతోంది, నీరు దాన్ని అంతే వేగంతో వెనక్కి నెడుతోంది. అందుకే మన కంటికి అది నిలబడినట్టుంది. నాన్న ఆకురాయితో పోగొట్టిన గీత కూడా ఇటువంటిదే. అయితే ప్రవాహం మరీ వేగంగా ఉంటే అల తిన్నగా ఎదురీదలేదు కనుక ఏటవాలుగా వాలిపోతుంది. వేగం పెరిగిన కొద్దీ ఆ వాలు సన్నబడుతుంది.

లిథియం విషయానికి వద్దాం. దాని సాంద్రత నీటిలో దాదాపు సగం, తలతన్యత మాత్రం నీటికి అయిదు రెట్లు పైన. అంటే తలతన్యతను సాంద్రతతో భాగిస్తే వచ్చే విలువ నీటికన్నా సుమారు పది రెట్లు. ఈ అంకెలతో లెక్క కడితే లిథియం మీద అలల కనిష్ఠ వేగం సెకనుకు సుమారు 42 సెం.మీ., అప్పటి తరంగదైర్ఘ్యం 5.5 సెం.మీ. వస్తుంది. నీటి పొర కంటె లిథియం పొర గట్టిగా బిగించిన డప్పు అన్నమాట.

లిథియాన్ని ధారగా ఎందుకు పోయాలి?

సూర్యునిలో జరిగే కేంద్రక సంలీనాన్ని భూమి మీద సాధించి విద్యుత్తు తీయాలని ఎన్నో దేశాలు కృషి చేస్తున్నాయి. డ్యుటీరియం, ట్రిటియం కలిసినప్పుడు 14 మిలియన్ ఎలక్ట్రాన్ ఓల్టుల శక్తిగల న్యూట్రాన్లు వెలువడతాయి. రియాక్టరు గోడ ఈ న్యూట్రాన్ల దెబ్బను ఏళ్ళ తరబడి తట్టుకోవాలి. ఏ ఉక్కు తట్టుకుంటుందో తెలియాలంటే ముందే అటువంటి న్యూట్రాన్లతో దాన్ని కొట్టి చూడాలి. ఇందుకోసం ఐ.ఎఫ్.ఎమ్.ఐ.ఎఫ్. అనే అంతర్జాతీయ పథకాన్ని రూపొందించారు. డ్యుటీరియం కేంద్రకాలను 40 మిలియన్ ఎలక్ట్రాన్ ఓల్టుల శక్తికి తీసుకొనిపోయి లిథియం మీదికి కొట్టటం అందులోని పద్ధతి. లిథియం నుంచి కావలసిన రకం న్యూట్రాన్లు వస్తాయి.

ఒక్కొక్కటి 125 మిల్లీ ఆంపియర్ల ప్రవాహంగల రెండు కిరణపుంజాలను వాడాలన్నది మూల నమూనా. గుణించి చూడండి: మొత్తం 10 మెగావాట్లు! ఇదంతా 20 సెం.మీ. వెడల్పు, 5 సెం.మీ. ఎత్తుగల చోట పడుతుంది. ప్రతి చదరపు సెంటీమీటరుకు 100 కిలోవాట్లు. ఈ వేడికి ఏ ఘన లోహమూ నిలవదు. అందుకని లక్ష్యాన్నే పరుగెత్తించాలి. 25 మి.మీ. మందం, 260 మి.మీ. వెడల్పుగల లిథియం తెరను సెకనుకు 15 మీటర్ల వేగంతో పారిస్తారు. ఉష్ణోగ్రత 250 డిగ్రీల సెంటీగ్రేడు. లిథియం 180 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కనుక అది ద్రవంగానే ఉంటుంది. సెకనుకు 97 లీటర్లు, అంటే 200 లీటర్ల డ్రమ్ము రెండు సెకన్లలో నిండే ధార. లిథియపు ఏ భాగమైనా కిరణపుంజం కింద ఉండేది సెకనులో మూడువందలవ వంతు మాత్రమే. వేడిని తీసుకొని అది ముందుకు పోతుంది. మొత్తం ప్రవాహం మీద సగటున పెరిగే ఉష్ణోగ్రత 50 డిగ్రీలు దాటదు.

ఈ తెర వెనుక వైపు వంపు తిరిగిన గోడ ఉంటుంది. ముందు వైపు ఏ గోడా లేదు, శూన్యమే. ఆ వంపు వ్యాసార్ధం 25 సెం.మీ. కనుక అపకేంద్ర త్వరణం భూమి ఆకర్షణకు సుమారు 90 రెట్లు ఉంటుంది. ఆ బలం ద్రవాన్ని గోడకు అదిమి, లోపల పీడనాన్ని పెంచి, శూన్యంలో కూడా లిథియం మరగకుండా కాపాడుతుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. 40 మిలియన్ ఎలక్ట్రాన్ ఓల్టుల డ్యుటీరియం కేంద్రకాలు లిథియంలో దాదాపు 20 మి.మీ. లోతు దాకా పోయి ఆగుతాయి. తెర మందం 25 మి.మీ. మిగిలింది కొద్ది మిల్లీమీటర్లే. ఎక్కడైనా పెద్ద అల వచ్చి దాని పల్లం దగ్గర తెర పల్చబడితే కిరణపుంజం వెనుక గోడను కాలుస్తుంది. వెనుక గోడకు చిల్లిపడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. మందంలో తేడా ఎటు చూసినా ఒక మిల్లీమీటరు మించరాదని నియమం పెట్టుకొన్నారు. కనుక అలను కొలవటం ఇక్కడ ముచ్చట కోసం చేసే పని కాదు, యంత్రం ప్రాణమే దాని మీద ఆధారపడి ఉంది.

నీటితోనే సరిపెట్టుకోరాదా?

మొదట నాకూ ఈ సందేహమే కలిగింది. నీళ్ళు చవక, పారదర్శకం, పైగా అపాయం లేదు. స్నిగ్ధతను సాంద్రతతో భాగిస్తే వచ్చే విలువ 250 డిగ్రీల లిథియానికీ మామూలు నీటికీ ఇంచుమించు ఒక్కటే. కాబట్టి ఒకే కొలతగల నాజిల్ నుంచి ఒకే వేగంతో వదిలితే రెండింటి లోపలి సుడులు ఒకే తీరుగా ఉంటాయి. తొలి ప్రయోగాలు నీటితో చేయటానికి కారణం ఇదే. కాని పైన చెప్పిన పది రెట్ల తేడా ఉపరితలం దగ్గర అడ్డం వస్తుంది. అదే సుడి నీటి మీద లేపినంత ముడతను లిథియం మీద లేపలేదు. ధార లోపలి సంగతులను నీరు చెప్పగలదు, ఉపరితలం సంగతి మాత్రం లిథియమే చెప్పాలి.

కొలిచే పద్ధతులు

లిథియం ధారను కొలవటంలో మూడు ఇబ్బందులున్నాయి. ఒకటి, వేగం. 5 మి.మీ. పొడవున్న అలలు సెకనుకు 15 మీటర్ల వేగంతో పోతుంటే ఒక్క బిందువు ముందు నుంచి సెకనుకు 3,000 అలలు దాటిపోతాయి. రెండు, ఆ ఉపరితలం అద్దం. అద్దాన్ని ఫొటో తీస్తే కనిపించేది అద్దం కాదు, అందులోని ప్రతిబింబం. మూడు, లిథియానికి గాలి, తేమ రెండూ పడవు. శూన్యంలోనో ఆర్గాన్ వాయువులోనో మూసి ఉంచి, కిటికీలోంచి చూడాలి. ఆ కిటికీ అద్దం మీద కూడా లిథియం ఆవిరి పేరుకుంటుంది.

మొదటి పద్ధతి సూది. జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయంలో దీన్ని వాడారు. సన్నని లోహపు సూదిని పైనుంచి కొంచెం కొంచెంగా ధార వైపు దించుతారు. సూది మొన లోహాన్ని తాకగానే విద్యుత్ వలయం పూర్తవుతుంది, శిఖరం దాటిపోగానే తెగుతుంది. ఒక్కొక్క ఎత్తులో సూది మొత్తం కాలంలో ఎంత వంతు తాకి ఉన్నదో లెక్కిస్తారు. బాగా పైన అసలు తాకదు, బాగా లోపల ఎప్పుడూ తాకే ఉంటుంది. సరిగా సగం కాలం తాకి సగం కాలం తాకని ఎత్తే సగటు ఉపరితలం. మొట్టమొదట తాకిన ఎత్తు అన్నిటికన్న పెద్ద అల శిఖరం. ఎంత సులువైన ఉపాయమో చూడండి! చిమ్మచీకట్లో కూడా పని చేస్తుంది. అయితే ఒక్క బిందువునే కొలుస్తుంది. సూది గుచ్చుకొన్న చోట అది తానే ఒక అలను పుట్టిస్తుంది కూడా, మన గడ్డిపరక లాగానే.

రెండవది కాంతి చారల పద్ధతి. ధార మీదికి ఏటవాలుగా వెలుగు చారలు వేసి పైనుంచి చూస్తారు. ఉపరితలం చదునుగా ఉంటే చారలు తిన్నగా ఉంటాయి, ఉబ్బిన చోట పక్కకు జరుగుతాయి. 45 డిగ్రీల కోణంలో వెలుగు వేస్తే చార ఎంత జరిగిందో ఉబ్బు ఎత్తు అంతే. ఒక్క ఫొటోలో ఉపరితలమంతటి ఎగుడుదిగుళ్ళు దొరుకుతాయి. అద్దం లాంటి లోహం మీద చార సరిగా కనబడకపోవటమే దీని లోపం.

మూడవది లేసర్ పద్ధతి. సన్నని లేసర్ పుంజం ధారను తాకి తిరిగి వచ్చే దాన్నిబట్టి దూరాన్ని లెక్క కడతారు. ముట్టుకోనక్కర లేదు, ధారకు దూరంగా కూర్చుని కొలవవచ్చు. కాంతి తిరిగి వచ్చేది ఉపరితలం మన వైపు సరిగా తిరిగి ఉన్న క్షణాల్లోనే కాబట్టి చాలాసేపు కొలిచి, ఎన్నో వేల కొలతల లెక్క తీయాలి. జపాన్‌లోని ఓరాయ్‌లో 25 మి.మీ. మందంగల లిథియం ధారతో కట్టిన పరీక్షా వలయంలో ఈ పద్ధతిని వాడి, 2014 నాటికి ధార మందం నిలకడగా ఉంటుందని రుజువు చేశారు. ఆ అనుభవం ఆధారంగా స్పెయిన్‌లోని గ్రనడా దగ్గర డోన్స్ అనే పేరుతో ఒకే కిరణపుంజంగల కేంద్రాన్ని తలపెట్టారు.

అన్ని పద్ధతుల్లోనూ ఒక సంగతి బయటపడింది. నాజిల్ అంచున చిన్న గీత పడినా, లిథియం మలినాలు కొంచెం అంటుకున్నా అక్కడినుంచి ఏటవాలు అల బయలుదేరుతుంది. అంచును శుభ్రం చేస్తే పోతుంది. ఇది చదివినప్పుడు నాకు మా నాన్న చేతిలోని ఆకురాయి గుర్తుకు వచ్చింది.

నేను చేసిన తప్పు

లిథియం మనకు దొరకదు, నీళ్ళకు కొదవ లేదు కదా అని ఈ యేడు మా ఫిజిక్సు లాబులో ఒక చిన్న ప్రయోగం చేశాను. అడుగున 4 మి.మీ. లోపలి వ్యాసంగల గాజు గొట్టాన్ని అడ్డంగా బిగించిన ఒక డబ్బా, అందులో గొట్టం పైన 16.5 సెం.మీ. ఎత్తున నీళ్ళు. గొట్టానికి ఒక ఇనుప పట్టీ కట్టి, సోనోమీటరు ప్రయోగంలో వాడే విద్యుదయస్కాంతాన్ని దాని ఎదుట పెట్టాను. ఎ.సి. కరెంటు ఇవ్వగానే గొట్టం సన్నగా వణుకుతుంది, ధార మీద క్రమమైన ఉబ్బులు పుడతాయి. స్ట్రోబోస్కోపు వెలుగులో అవి ముత్యాల సరంలా నిలబడ్డాయి. వెనుక స్కేలు పెట్టి చూస్తే అయిదు ఉబ్బులకు 9 సెం.మీ. వచ్చింది, అంటే తరంగదైర్ఘ్యం 1.8 సెం.మీ.

కరెంటు పౌనఃపున్యం 50. స్ట్రోబోస్కోపును సెకనుకు 50 మెరుపుల దగ్గర పెట్టినప్పుడే అలలు నిలబడ్డాయి. ఇంకేం కావాలి? 50ని 1.8 సెం.మీ.తో గుణించి ధార వేగం సెకనుకు 90 సెం.మీ. అని రికార్డులో రాసేశాను. డిపార్టుమెంటు సెమినార్‌లో చెప్పటానికి చార్టు కూడా గీసుకొన్నాను.

ఆదివారం ఇంటికి పోయినప్పుడు నాన్నకు ఈ ప్రయోగం గురించి చెప్పాను. బోరు నీళ్ళు తగ్గాయేమోనని అనుమానం వస్తే ఆయన పైపు కింద డ్రమ్ము పెట్టి, ఎంతసేపట్లో నిండిందో చూసుకుంటాడు. ఏళ్ళ తరబడి ఆయనకు తెలిసిన కొలత అదొక్కటే. అంతా విని, "దీపాలు పెట్టి చూశావు, బాగానే ఉంది. కింద చెంబు పెట్టి చూశావా?" అన్నాడు.

నేను చూడలేదు. సోమవారం పోయి లీటరు కొలజాడీ పెట్టాను. వేగం 90 సెం.మీ. అయితే ఆ గొట్టం నుంచి లీటరు నీళ్ళు పడటానికి 88 సెకన్లు పట్టాలి. 44 సెకన్లలోనే నిండిపోయింది! మళ్ళీ పెట్టాను, మళ్ళీ 44. అంటే వేగం 180 సెం.మీ. పైగా 16.5 సెం.మీ. ఎత్తు నుంచి నీరు ఎంత వేగంతో రావాలో ఇంటర్మీడియట్‌లో చదువుకొన్న సూత్రంతో చూసినా సెకనుకు 180 సెం.మీ. వస్తుంది. నాకు ముందే తోచవలసింది.

తప్పు ఎక్కడుందో కనుక్కోవటానికి రెండు రోజులు పట్టింది. ఎ.సి. విద్యుదయస్కాంతం మెత్తని ఇనుమును ఒక్కొక్క ఆవృత్తిలో రెండుసార్లు లాగుతుంది, కరెంటు ఇటు పోయినప్పుడొకసారి, అటు పోయినప్పుడొకసారి. కాబట్టి గొట్టం సెకనుకు 50 సార్లు కాదు, 100 సార్లు వణుకుతోంది. మరి స్ట్రోబోస్కోపు 50 దగ్గర ఎందుకు నిలబెట్టింది? ఒక మెరుపుకూ ఇంకొక మెరుపుకూ మధ్య ఒక అల కాక రెండు అలలు జరిగాయి. రెండవది సరిగా మొదటి దాని చోటికే వచ్చి నిలిచింది. కంటికి తేడా ఎలా తెలుస్తుంది? మెరుపులను 100కి పెంచాను, అప్పుడూ నిలబడ్డాయి. 200కి పెంచితే ఉబ్బులు రెట్టింపయి 9 మి.మీ. దూరంలో కనిపించాయి. రెట్టింపు కాకుండా నిలబడే అత్యధిక మెరుపుల సంఖ్యే అసలు పౌనఃపున్యం. అది 100.

నేను చార్టు చించి, సెమినార్‌లో తప్పునూ ఒప్పునూ రెండింటినీ చెప్పాను. కొందరు నవ్వారు. మా లెక్చరర్‌గారు మాత్రం, "ఈ తప్పు ఇక నీ జన్మలో చెయ్యవు" అన్నారు.

లిథియం ధార దగ్గర కూడా ఇదే అపాయం పొంచి ఉంది. సెకనుకు 3,000 అలలు దాటిపోయే చోట 3,000 ఫొటోలు తీసే కెమెరా పెడితే ధార మీద ఉన్న అలలు జరగనట్టే కనిపిస్తాయి. అలల సంఖ్యకు రెట్టింపు కంటె ఎక్కువసార్లు చూడకపోతే మనం చూసింది నిజం కాదు. పైగా ఒక పద్ధతి చెప్పిన దాన్ని దానికి సంబంధం లేని ఇంకొక పద్ధతితో సరిచూడాలి. నేను చేసిన పొరపాటు నీళ్ళ డబ్బా దగ్గర కాబట్టి ఒక చార్టుతో పోయింది. 10 మెగావాట్ల కిరణపుంజం ఎదుట అయితే అంత తేలికగా పోదు.

ఇరవయ్యేళ్ళ వాడి ధార

చివరగా ఒక్క విషయం. 1905లో డెన్మార్క్ శాస్త్ర అకాడమీ ఒక బహుమతి పోటీ పెట్టింది. ద్రవ ధార మీద నిలిచే అలలను కొలిచి తలతన్యతను కనుక్కోవాలి. గుండ్రం కాని రంధ్రం నుంచి వచ్చిన ధార ఉబ్బుతూ సన్నబడుతూ గొలుసులా సాగుతుందనీ, ఆ గొలుసు కడియం పొడవు తలతన్యతను చెబుతుందనీ 1879లో లార్డ్ రేలీ సిద్ధాంతం చెప్పి ఉన్నాడు. పోటీకి దిగినవారిలో కోపెన్‌హేగన్ విద్యార్థి ఒకడున్నాడు. విశ్వవిద్యాలయంలో తగిన భౌతికశాస్త్ర ప్రయోగశాల లేకపోతే తండ్రిగారి శరీరధర్మశాస్త్ర ప్రయోగశాలలో పని చేశాడు. గాజు గొట్టాలను తానే కాచి లాగి తయారు చేసుకొన్నాడు. వీధిలో బండ్లు పోతే ధార వణుకుతుందని రాత్రిళ్ళు ప్రయోగం చేశాడు. ఇంకా కొలుస్తాను, ఇంకా కొలుస్తాను అని తెమల్చకపోతే తండ్రి అతన్ని తాతగారి ఇంటికి పంపించి రాయించాడట. 1907లో అతనికి బంగారు పతకం వచ్చింది, 1909లో ఆ వ్యాసం అచ్చయింది. అతడే నీల్స్ బోర్. పరమాణువు జోలికి పోకముందు ఆయన చేసిన పని నీటి ధారను కొలవటం!

ఈ పోటీ కోసం పని చేసిన రోజుల్లో బోర్ వయస్సు సుమారు ఇరవై. మనమంతా ఆ వయస్సు వాళ్ళమే. మనందరం బోర్‌లమవుతామని చెప్పటం నా ఉద్దేశం కాదు. కాని మన లాబులో డబ్బా ఉంది, గాజు గొట్టం ఉంది, కొలజాడీ ఉంది. వచ్చే యేడు ఈ ప్రయోగం ఎవరైనా చేస్తే గొట్టం మూతిని సాగ్గొట్టి గుండ్రం కాకుండా చేసి, నీటి తలతన్యతను కనుక్కోవటానికి ప్రయత్నించండి. దాదాపు 73 డైన్లు రావాలి. రాకపోతే దీపాన్ని నిందించకముందు కింద చెంబు పెట్టి చూడండి.